చికమత్సు ‘నూనె నరకం’ బొమ్మలాట: యొహేయి ఎందుకు చంపాడు?

ఒసాకాలో_ఒకడు
శనివారం, రాత్రి 9.40

నిన్న పగటి ఆటకు నిప్పొన్‌బషిలోని జాతీయ బున్‌రకు (జపాను బొమ్మలాట) నాటకశాలకు వెళ్ళాను. ఆట పేరు ‘ఒన్నగొరొషి అబుర నో జిగొకు’. తెలుగులో చెప్పుకోవాలంటే ‘ఆడమనిషిని చంపినవాడు, నూనె నరకం’. చికమత్సు మొంజయెమోన్ తన అరవై ఎనిమిదో ఏట రాసిన నాటకం. 1721లో ఇదే ఊళ్ళో, దోతోన్‌బొరి కాలవ పక్కనున్న తకెమోతో-జాలో మొదటిసారి ఆడారు. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. అందుకే ఇక్కడికి వచ్చి రాస్తున్నాను.

తెలియనివారి కోసం కథ క్లుప్తంగా. ఒసాకాలో ఒకే వీధిలో రెండు నూనె కొట్లు. ఒకటి కవాచియ. దాని యజమాని పోయాక, కొట్లో పనిచేసిన గుమాస్తా తొకుబెయి యజమాని భార్య ఒసావాను పెళ్ళాడి వ్యాపారం నిలబెట్టాడు. పెద్దకొడుకు వేరుపడి బాగానే బతుకుతున్నాడు. చిన్నవాడు యొహేయికి ఇరవై మూడేళ్ళు. భోగంవీధులు, అప్పులు, తగాదాలు. రెండో కొట్టు తెషిమాయ. ఆ ఇంటి ఇల్లాలు ఒకిచికి ఇరవై ఏడేళ్ళు, ముగ్గురు ఆడపిల్లలు. దారి తప్పిన పక్కింటి కుర్రవాడిని తమ్ముడిలా మందలించే మనిషి.

ఇంట్లో మారుతండ్రిని తన్ని, చెల్లెలి మీద చేయిచేసుకుని, చివరికి తల్లి చేత గెంటించుకుంటాడు యొహేయి. తరవాత ఐదో నెల నాలుగో తేదీ రాత్రి. మర్నాడు పండుగ, పద్దులు తీర్చాల్సిన రాత్రి. తొకుబెయి చాటుగా ఒకిచి దగ్గరికి వచ్చి, మా వాడు వస్తే నేనిచ్చానని చెప్పకుండా ఇవ్వమ్మా అని మూడు వందల నాణేలు పెడతాడు. అంతలో తల్లి వస్తుంది. ఆ వెధవకు డబ్బివ్వడమేమిటని మొగుణ్ణి కేకలేస్తుంది. ఇద్దరూ కలిసి వెళ్ళబోతుంటే ఆవిడ ఒడిలోంచి పండుగ పిండివంట పొట్లం, ఐదు వందల నాణేల దండ జారి కిందపడతాయి. మొగుడికి తెలియకుండా సొంత ఇంట్లోనే దొంగతనం చేసి తెచ్చింది! ఇద్దరూ ఏడుస్తారు. తలుపు బయట యొహేయి ఇదంతా వింటున్నాడు.

విన్నవాడు లోపలికి వచ్చి, ఇంకాసేపట్లో ఒకిచిని పొడిచి చంపుతాడు.

నా ప్రశ్న ఇదే. ఆ ఏడుపు వినకపోయి ఉంటే చంపేవాడా? నాకైతే చంపేవాడు కాదనిపిస్తోంది. ఆ ఎనిమిది వందల నాణేలే వాణ్ణి హంతకుణ్ణి చేశాయి.


కొత్తగా_చేరాను
శనివారం, రాత్రి 10.05

బొమ్మలాట అంటే పిల్లల కోసం అనుకున్నాను. హత్య, అప్పులు కూడా ఉంటాయా?


తెరవెనుక
శనివారం, రాత్రి 10.31

@కొత్తగా_చేరాను గారూ, బున్‌రకు పిల్లల ఆట కాదు. మన తోలుబొమ్మలాట మాత్రం పిల్లల ఆటా? తెల్లవార్లూ రామాయణ భారతాలు ఆడేవాళ్ళు. కాకపోతే చికమత్సు తన ఊరివాళ్ళ బతుకులనే తెరకెక్కించాడు. 1703లో ‘సొనెజకి షింజూ’ అనే జంట ఆత్మహత్య నాటకం రాసినప్పటి నుంచి కొట్టు గుమాస్తాలు, భోగంపిల్లలు, నూనె వ్యాపారులు, కాగితం వ్యాపారులు బొమ్మలై వచ్చారు. పేపర్లు లేని కాలంలో ఊళ్ళో జరిగిన నేరం వేడి చల్లారకముందే నాటకమయ్యేది. ఈ హత్యకు కూడా ఒసాకాలో జరిగిన సంఘటనే మూలం అంటారు.

ఒసాకా అన్నగారూ, ఆ నూనెలో జారుడు ఘట్టం గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేమిటి? దానికోసమే కదా జనం టికెట్టు కొనేది.


ఒసాకాలో_ఒకడు
శనివారం, రాత్రి 11.02

రాయడానికి చేయి రాక వదిలేశాను. సరే.

దీపం ఆరిపోతుంది. నూనె పీపాలు దొర్లి నేలంతా నూనె. ఒకిచి పారిపోబోతుంది, కాలు నిలవదు. యొహేయి వెంటపడతాడు, అతని కాలూ నిలవదు. ఒక్కో బొమ్మను ముగ్గురు మనుషులు పట్టుకుని వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపులో సర్రున లాక్కుపోతారు. బొమ్మ ఒళ్ళంతా వాలిపోయి, చేతులు గాల్లో వెతుక్కుంటూ. మళ్ళీ వెనక్కి. హాల్లో నవ్వు వస్తుందేమోనని భయపడ్డాను, ఎందుకంటే ఆ జారడం చూడడానికి దాదాపు హాస్యంగా ఉంటుంది. ఒక్కరూ నవ్వలేదు. నా పక్కనున్న ముసలావిడ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. వేదికకు కుడివైపు అరుగు మీద కూర్చున్న తయూ (కథ చెప్పే గాయకుడు) అప్పటికి చెమటతో తడిసిపోయి ఉన్నాడు. ఒకిచి గొంతూ అతనిదే, యొహేయి గొంతూ అతనిదే.


తెరవెనుక
శనివారం, రాత్రి 11.20

అలా చెప్పండి. కబుకిలో (మనుషులే నటించే జపాను నాటకం) ఇదే ఘట్టానికి నటులు నిజంగానే జిగురు ద్రవంలో పడి దొర్లుతారు. బొమ్మల దగ్గర చుక్క నూనె కూడా ఉండదు. ఉన్నదల్లా మనుషులు లాగే తీరు. అయినా బొమ్మే ఎక్కువ భయపెడుతుంది. మనిషి జారితే మనకు ఎక్కడో ‘నటుడికి దెబ్బ తగిలిందేమో’ అన్న ఆలోచన వస్తుంది. బొమ్మకు ఆ రక్షణ లేదు.

ఇంకో సంగతి. 1721లో బొమ్మకు ముగ్గురు ఆటగాళ్ళు లేరు. ఒక్కో బొమ్మకు ఒక్కడే. ముఖ్యుడు తల, కుడిచేయి, రెండోవాడు ఎడమచేయి, మూడోవాడు కాళ్ళు అనే పద్ధతి 1734లో వచ్చింది, చికమత్సు చనిపోయిన తొమ్మిదేళ్ళకు. అంటే మీరు చూసిన ఆ పెద్ద జారుడును రాసినవాడు చూడనేలేదు. ఆయన దగ్గర ఉన్నది మాటలు, సమిసెన్ (మూడు తీగల వాయిద్యం), చిన్న బొమ్మ. అందుకే ఆ పాఠంలో నూనె, నెత్తురు, కాళ్ళు తడబడడం అన్నీ మాటల్లోనే ఉంటాయి. తయూ నోటితో చెప్పి జారించాలి.


గానుగెద్దు
ఆదివారం, ఉదయం 6.15

పొద్దున్నే చదివి కాఫీ చల్లారబెట్టుకున్నాను. మా తాతగారిది నూనె గానుగ. నాన్నగారి కాలం దాకా కొట్టు నడిచింది. ఒక మాట చెప్పాలి, దీన్ని నాటకాల పండితులు పట్టించుకున్నారో లేదో.

నూనె కొలిచేవాడి కళ్ళు ఎక్కడుంటాయో చూశారా? ధార మీద ఉంటాయి. నీళ్ళయితే అటూ ఇటూ చూస్తూ పోయవచ్చు. నూనె మందంగా దిగుతుంది, ధార సన్నబడుతుంది, కొలత అంచు దగ్గర ఉబ్బి నిలుస్తుంది. అక్కడ ఆపకపోతే ఒలికినట్టే, ఒలికితే నష్టం. సోలలో పోసేటప్పుడు నాన్నగారు ఊపిరి కూడా బిగపట్టేవారు. ఎవరు పిలిచినా పలికేవారు కాదు. కొలత గిన్నెను బోర్లించి చివరి చుక్క జారే దాకా పట్టుకునేవారు.

యొహేయి నూనె కొట్లో పుట్టినవాడు. అప్పు పుట్టనప్పుడు ‘అయితే రెండు షో నూనె అరువివ్వండి’ అని అడుగుతాడు. ఆవిడ దీపం దగ్గర కూర్చుని కొలవడం మొదలుపెడుతుంది. అప్పుడు వెనక నుంచి కత్తి తీస్తాడు. అంతకన్నా మంచి క్షణం ఆ వృత్తిలో ఇంకోటి లేదు. ఆ సంగతి పక్క కొట్టువాడికే తెలుస్తుంది. (రెండు షో అంటే మన లెక్కలో దాదాపు మూడున్నర లీటర్లు. పెద్ద కొలత. చాలాసేపు పడుతుంది.)


మల్లెచెండు
ఆదివారం, ఉదయం 8.50

గానుగెద్దు గారి పోస్టు చదివి ఒళ్ళు జలదరించింది. ఆవిడకు అపాయం తెలిసేదీ ఆ దీపం వల్లే కదా. వెలుగులో కత్తి మెరుపు కనబడి, అదేమిటని అడుగుతుంది. ఏమీ లేదంటాడు.

కానీ ఒసాకా గారి ప్రశ్న మీద నాకు కోపంగా ఉంది. యొహేయి ఎందుకు చంపాడు, యొహేయి మనసులో ఏముంది, అమ్మానాన్నల ప్రేమ యొహేయిని ఏం చేసింది. చచ్చిపోయిన మనిషి గురించి ఎవరైనా అడుగుతారా?

మొదటి అంకం గుర్తు చేసుకోండి. నొజకి కన్నోన్ గుడికి పోయే దారిలో, తొకువాన్ కట్ట మీద భోగంపిల్ల కోసం తగాదాపడి యొహేయి బురద విసురుతాడు. అది పోయి గుర్రం మీద వెళ్తున్న సమురాయి మీద పడుతుంది. ఆ సమురాయి పరివారంలో యొహేయి మేనమామే ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో నీ తల తీస్తానంటాడు. వణికిపోతున్నవాడిని ఒకిచి టీ దుకాణం లోపలికి తీసుకెళ్ళి బురద కడుగుతుంది. అంతలో మొగుడు వస్తాడు. చిన్నపిల్ల అమాయకంగా ‘అమ్మ, యొహేయి లోపల బట్టలు విప్పి…’ అని మొదలుపెడుతుంది. అడుసు తొక్కింది వాడు, కాలు కడిగింది ఈవిడ, నింద కూడా ఈవిడకే.

అందుకే హత్యరాత్రి అతను రెండు వందల మొమ్మెల (మొమ్మె అంటే వెండి తూకం) వెండి అడిగినప్పుడు ఒకిచి ఇవ్వనంటుంది. బీరువాలో డబ్బు ఉంది. కానీ మొగుడు ఇంట్లో లేడు. ఆ రోజు బట్టలు ఉతికినందుకే సంజాయిషీ చెప్పుకోలేక చచ్చాను అంటుంది. ఒక మంచిపని చేసి మాటపడిన మనిషి రెండో మంచిపని చేయడానికి భయపడింది. నన్నడిగితే ఆవిణ్ణి చంపిన కత్తికి పదును పెట్టింది ఆ టీ దుకాణం దగ్గరే.


పాతకక్షి
ఆదివారం, ఉదయం 10.12

నలభై ఏళ్ళు క్రిమినల్ కోర్టుల్లో గడిపినవాడిగా ఒసాకా గారి వాదాన్ని ఒప్పుకోలేను. ముద్దాయి తలుపు దగ్గరికి వచ్చేటప్పటికే నడుముకు కత్తి ఉంది. చేతిలో నూనె పీపా ఉంది. తల్లిదండ్రుల ఏడుపు వినడానికి ముందే. దీన్ని మేము ముందస్తు సన్నాహం అంటాం. పైగా మారుతండ్రి ముద్ర దొంగతనంగా వేసి అప్పు పత్రం రాశాడు. ఏడ్చేవాళ్ళను చూసి జాలిపడే హక్కు మనకు లేదని కాదు, కేసు మాత్రం స్పష్టంగా ఉంది.


ఒసాకాలో_ఒకడు
ఆదివారం, ఉదయం 10.58

పాతకక్షి గారూ, ఆ కత్తి గురించి అతనే చెబుతాడు. చచ్చిపోదామని ఈ కత్తి పెట్టుకుని ఇల్లు వదిలాను, కానీ ఇప్పుడు మావాళ్ళ ఏడుపు విన్నాక చావడానికి కూడా లేకుండా పోయింది అంటాడు. ఎందుకంటే నాన్న ముద్రతో తెచ్చిన అప్పు, తను పోతే నాన్న మీద పడుతుంది. తీసుకున్నది రెండు వందల మొమ్మెలు. తెల్లవారేలోగా కట్టకపోతే పత్రంలో రాసిన మొత్తం, వెయ్యి మొమ్మెలు, కట్టాలి. అయిదింతలు!

నేనన్నది అదే. ప్రేమ వినబడక ముందు వాడికి ఒక దారి ఉంది, చావు. విన్నాక అది మూసుకుపోయింది. మిగిలింది ఒకిచి ఇంటి బీరువా.


పాతకక్షి
ఆదివారం, ఉదయం 11.07

అది ముద్దాయి సొంత వాంగ్మూలం. అప్పు అడగడానికి వచ్చిన చోట, అప్పు పుట్టాలని చెప్పిన మాట. దానికి ఎంత విలువ ఇస్తారో మీ ఇష్టం. చావబోయేవాడికి పీపా ఎందుకు?


గానుగెద్దు
ఆదివారం, ఉదయం 11.30

పీపా గురించి నేను చెబుతాను. నూనె కొట్టువాడు రాత్రిపూట పక్క కొట్టుకు వెళ్తే చేతిలో పీపా ఉండాలి. సరుకు తక్కువైతే ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకోవడం ఈ వ్యాపారంలో రోజూ ఉండేదే. చేతిలో పీపా ఉంటే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. చావడానికి వెళ్ళేవాడూ పట్టుకెళ్తాడు, చంపడానికి వెళ్ళేవాడూ పట్టుకెళ్తాడు.

డబ్బు లెక్క కూడా చూశాను. అప్పటి అధికారిక మారకం ప్రకారం ఒక బంగారు ర్యోకు అరవై మొమ్మెల వెండి, లేదా నాలుగు వేల రాగి నాణేలు. అంటే అమ్మానాన్నలు తెచ్చిన ఎనిమిది వందల నాణేలు పన్నెండు మొమ్మెలు. కావలసింది రెండు వందలు. మొమ్మె మూడు ముప్పావు గ్రాములు కాబట్టి ముప్పావు కిలో వెండి. తల్లి దొంగతనం చేసి, తండ్రి దాచిపెట్టి తెచ్చినదంతా కలిపినా వాడి అవసరంలో పదహారో వంతు.


కొత్తగా_చేరాను
ఆదివారం, మధ్యాహ్నం 12.20

అయితే తండ్రి ఇంత మంచివాడైతే కొడుకు అతన్ని తన్నడం ఎందుకు? సొంత తండ్రి కాడనా?


ఒసాకాలో_ఒకడు
ఆదివారం, మధ్యాహ్నం 1.15

నాటకంలో నాకు అన్నిటికన్నా కష్టమనిపించిన సంగతి అది. తొకుబెయి ఈ పిల్లవాణ్ణి ఒకప్పుడు ‘చిన్నయ్యగారూ’ అని పిలిచినవాడు. యజమాని కొడుకు. ఇప్పుడు తండ్రి స్థానంలో ఉన్నా ఆ నోరు గట్టిగా మాట్లాడలేదు. తన్నులు తింటాడు కానీ చేయెత్తడు. తల్లిది దానికి తలకిందులు. మారుతండ్రి ముందు తన కొడుకును వెనకేసుకొస్తే బాగుండదని, కావాలని కఠినంగా ఉంటుంది. తండ్రి మెతకదనానికీ తల్లి కరుకుదనానికీ కారణం ఒక్కటే, చచ్చిపోయిన మొదటి మొగుడు.

ఆ చచ్చిపోయినవాణ్ణే యొహేయి వాడుకుంటాడు. జబ్బుపడిన చెల్లెలి చేత, నాన్న ఆత్మ ఒంటిమీదికి వచ్చినట్టు పలికిస్తాడు. చెల్లెలికి ఇల్లరికపు అల్లుణ్ణి తేవద్దు, ఆస్తి యొహేయికి ఇవ్వు అని. తొకుబెయి లొంగడు, అప్పుడే తన్నులు. గెంటేశాక వీధిలో పోతున్న యొహేయిని గుమ్మంలోంచి చూస్తూ తొకుబెయి అనే మాట ఇది: పెరిగేకొద్దీ అచ్చం మా పాత యజమానిలాగే ఉన్నాడు, ఆ నడక, ఆ ఒడ్డూ పొడుగూ. యజమానిని ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టుంది అని ఏడుస్తాడు.


మల్లెచెండు
ఆదివారం, సాయంత్రం 4.40

ఇక్కడ నేను మీతో ఏకీభవిస్తాను. ఆ ఘట్టం గొప్పది. అయినా నా మాట వదలను.

మూడో అంకం ఎలా మొదలవుతుందో చూడండి. ఆడదానికి పెళ్ళయితే మొగుడి ఇల్లు, పుట్టింట ఉంటే తల్లిదండ్రుల ఇల్లు, తనదంటూ ఇల్లు లేదు. అయినా ఎవరు పెట్టారో గానీ ఈ ఐదో నెల ఐదో తేదీ పండుగ రాత్రిని ‘ఆడవాళ్ళ ఇల్లు’ అంటారని తయూ ఎత్తుకుంటాడు. ఇంటి చూరుకు వస ఆకులు కట్టి ఉంటాయి. ఏడాదికి ఒక్క రాత్రి ఇల్లు ఆడదానిది. ఆ రాత్రి ఒకిచి తన ఇంట్లో పిల్లలకు తల దువ్వుతూ ఉంటుంది. దువ్వెన పన్ను విరుగుతుంది. పద్దులు వసూలు చేయడానికి మళ్ళీ బయల్దేరుతూ మొగుడు నిలబడే సాకే (బియ్యపు సారా) తాగుతాడు, అదేం అపశకునమండీ అంటుంది. పిల్లలు దోమతెరలో పడుకున్నారు.

చివరికి ఆవిడ బతిమాలుకునే మాట కూడా తన కోసం కాదు. నేనిప్పుడు పోతే ముగ్గురు పసిపిల్లలు దిక్కులేనివాళ్ళవుతారు, డబ్బు కావలసినంత పట్టుకుపో అంటుంది. దానికి వాడి జవాబు: నిజమే, చావాలని ఉండదు. నీకు నీ కూతుళ్ళు ఎంత ముద్దో, నన్ను ముద్దు చేసే నాన్న నాకు అంత ముద్దు. అప్పు తీర్చి మగాడిననిపించుకోవాలి. నోరెత్తితే నలుగురూ వింటారు, మనసులో బుద్ధుణ్ణి తలచుకో.

ఒసాకా గారూ, ‘డబ్బు పట్టుకుపో’ అన్నాక కూడా పొడిచాడు. మీ వాదం అక్కడ నిలుస్తుందా?


ఒసాకాలో_ఒకడు
ఆదివారం, సాయంత్రం 5.25

నిలవదు. ఆ వాక్యం హాల్లో విన్నాను, బొమ్మల మీద కళ్ళుండి మనసుకు పట్టలేదు. ఎనిమిది వందల నాణేలు వాణ్ణి బీరువా దాకా తెచ్చాయంటాను ఇప్పటికీ. కత్తి దాకా తేలేదు.


తెరవెనుక
ఆదివారం, రాత్రి 8.10

మీరిద్దరూ రాజీపడ్డారు కాబట్టి నేను పుల్ల పెడతాను. ఈ నాటకం 1721లో ఆడాక చాలాకాలం మూలపడింది. కబుకి వాళ్ళు 1909లో పైకి తీశారు, బున్‌రకులో రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే తిరిగి నిలదొక్కుకుంది. జంట ఆత్మహత్యల నాటకాల్లో చివర కలిసి చస్తారు, పై లోకంలో ఒకే తామరపువ్వు మీద పుడతారని ఒక ఊరట ఉంటుంది. ఆ ఊరట ఎంత పనిచేసిందంటే, జనం చూసి నిజంగానే చస్తున్నారని 1723లో ప్రభుత్వం అలాంటి నాటకాలను నిషేధించింది. ఇందులో అలాంటిదేమీ లేదు. హంతకుడు డబ్బు పట్టుకుని వీధిలోకి పోతాడు. తెల్లవారి మళ్ళీ భోగంవీధుల్లోనే తిరుగుతాడు. 1721 నాటి ప్రేక్షకుడు ఇంటికి ఏం పట్టుకెళ్ళాలి?

మన తోలుబొమ్మలాటలో ఎంత యుద్ధం జరిగినా మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి గాలి మారుస్తారు. ఇక్కడ రెండో అంకంలో దయ్యం వదిలించే వేషగాడు కాస్త నవ్విస్తాడు, అంతే.


పాతకక్షి
ఆదివారం, రాత్రి 8.45

దొరకడం గురించి ఎవరూ చెప్పలేదు. నా వృత్తికి సంబంధించింది అదే.

చాలా ప్రదర్శనలు హత్యతోనే తెర దించేస్తాయి. తరవాతి ఘట్టం అసలైన దర్యాప్తు. ముప్పై ఐదో రోజు కర్మకు ముందు రాత్రి ఒకిచి ఇంట్లో బంధువులు కూర్చుని ఉంటారు. ఇంటి దూలం మీద ఎలుక పరుగెత్తి ఒక కాగితం కింద పడేస్తుంది. నొజకి యాత్రలో ఎవరి వాటా ఎంతో రాసుకున్న చీటీ. నెత్తుటి మరకలు, యొహేయి దస్తూరీ. సరిగ్గా అప్పుడే అతను పరామర్శకు వస్తాడు. ఆ రాత్రి వేసుకున్న అంగీ మీద గట్టిగా ఎండిన మరక ఉంటే దాని మీద సాకే పోస్తారు, ఎర్రగా తేలుతుంది. వస్తుసాక్ష్యం, దస్తూరీ, పరీక్ష, ఆ పైన నేరాంగీకారం. ఎలుకను మాత్రం బోనెక్కించలేం.


గానుగెద్దు
ఆదివారం, రాత్రి 9.30

మరక అన్నారు కాబట్టి. మా కొట్లో ఒకసారి డబ్బా ఒరిగి సగం నూనె నేలపాలైంది. నాన్నగారు నీళ్ళు పోయనివ్వలేదు. తవుడు చల్లి, ఎత్తి, మళ్ళీ చల్లి, మళ్ళీ ఎత్తి. మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత కూడా వానాకాలం వస్తే ఆ చోట నల్లగా చెమ్మ పైకి వచ్చేది, అమ్మ అక్కడ పిల్లల్ని నడవనిచ్చేది కాదు. తెషిమాయ నేల ఎవరు తుడిచి ఉంటారు? మొగుడు బయటి నుంచి వచ్చేసరికి ముగ్గురు పిల్లలూ ఇంట్లోనే ఉన్నారు.


మల్లెచెండు
ఆదివారం, రాత్రి 9.52

నాటకం ఆ సంగతి చెప్పదు.


ఒసాకాలో_ఒకడు
సోమవారం, ఉదయం 7.05

ఆఫీసుకు పోతూ రైల్లోంచి రాస్తున్నాను. నిన్న రాత్రి పాఠం మళ్ళీ తిరగేశాను. వాడు లోపలికి రాగానే ఒకిచి ఆ ఎనిమిది వందల నాణేలు, పిండివంట చేతికి ఇస్తుంది. మీ అమ్మానాన్నలు ఇచ్చారని చెప్పదు, మాట ఇచ్చింది కదా. ఇవి ఆకాశం నుంచి నీకోసం పడ్డాయి అంటుంది. బయట నిలబడి అంతా విన్నవాడితో.

వచ్చే శనివారం టికెట్టు దొరికింది. ఈసారి బొమ్మల మీద నుంచి కళ్ళు తీసి, ఆ ఒక్క మాట తయూ ఎలా పలుకుతాడో వింటాను.